చూస్తే మసకబారే చుక్క

గువ్వలగట్టు వేధశాలలో డాక్టర్ హైమవతి మూడేళ్ళపాటు ఒక చుక్క వెలుగుని కళ్ళు కాయలు కాచేలా చూసి గీసిన గ్రాఫు, తీరా చేసి, ఓబులేసు సెలవుల పట్టిక అని తేలింది.

ఈ సంగతి కనిపెట్టింది కూడా ఓబులేసే. సెప్టెంబరులో ఒకరోజు పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఆవిడ గదిలోకి వచ్చాడు. బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచిన కాగితం. దాని మీద మిట్టలూ పల్లాలుగా పోతున్న గీత. గీత కింద తేదీలు. ఓబులేసు తేదీలన్నీ ఓపిగ్గా చదివాడు. గీత ఎక్కడెక్కడ పైకి లేచిందో వేలు పెట్టి చూశాడు. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, మార్చిలో నాలుగు దినాలు మా బామ్మర్ది కొత్తింట్లో చేరినాడు. మీకు చెప్పే పోయినా," అన్నాడు.

"ఏమిటి ఓబులేసూ?" అంది హైమవతి తలెత్తకుండానే.

"జూన్‌లో వారం దినాలు నిజంగానే జ్వరం. ఈ ఆగస్టుది మటుకు జ్వరం కాదు, ఒప్పుకుంటా. పిల్లోల్లని గండికోట చూపిచ్చడానికి తీస్కపోయినా. తప్పే. కానీ ఇట్ల గ్రాఫు గీసి పైకి పంపిచ్చేంత తప్పు కాదు గదా మేడం."

హైమవతి అప్పుడు తలెత్తింది. అతని మొహం చూసింది, గ్రాఫు చూసింది. లేచి వెళ్ళి హాజరు పట్టీ తెచ్చింది. అరగంటసేపు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క తేదీ సరిచూశారు. చుక్క మసకగా ఉన్న రోజులన్నీ ఓబులేసు డ్యూటీలో ఉన్నాడు. ఓబులేసు సెలవులో ఉండి తిరిగొచ్చిన ప్రతిసారీ చుక్క వెలిగిపోతోంది.

"నేనంటే దానికి పడదా మేడం?" అని అడిగాడు ఓబులేసు, మనసు కష్టపెట్టుకుని.

ఇక్కడ కాస్త ఆ కొండ సంగతి చెప్పుకోవాలి. గువ్వలగట్టు మీద ఉన్న దూరదర్శిని యాభై ఏళ్ళ నాటిది. దాని మీద కప్పిన గోపురాన్ని తిప్పే మోటారు పదిహేనేళ్ళ కిందటే మూలపడింది. అప్పటి నుంచి ఓబులేసు భుజమే మోటారు. ఎక్కడ భుజం పెట్టాలో, ఎక్కడ కాలితో తన్నాలో, ఎక్కడ ఆగి దణ్ణం పెట్టుకోవాలో అతనొక్కడికే తెలుసు. అంచేత అతను సెలవు పెడితే వేధశాల మొత్తానికి సెలవే. ఆ రోజుల్లో ఎవరూ ఏ చుక్కనీ చూడరు.

ఇక ఆ చుక్క. జాబితాలో నాలుగొందల పదిహేడోది. పేరు పెట్టి పిలిచేంత మొహం కాదు దానిది. మామూలు కంటికి ఆనే ఆఖరి చుక్క కంటే పదివేల రెట్లు మసక. పెద్ద పెద్ద కెమెరాలకి కూడా ఉందా లేదా అన్నట్టే కనిపిస్తుంది. దాని వెలుగు హెచ్చుతగ్గులవుతోందని ప్రపంచంలో తెలిసింది ఒక్క హైమవతికే, ఎందుకంటే ఆవిడ దగ్గర ముంత ఉంది.

ముంత ఆవిడ సొంతంగా తయారుచేసిన కెమెరా. అచ్చం ఇత్తడి ముంతలాగే ఉంటుంది కాబట్టి కొండ మీద అందరూ దాన్ని ముంతే అంటారు. మామూలు కెమెరాలు తమ మీద పడిన వెలుగులో సగం నేలపాలు చేస్తాయి. ముంత పరమ పిసినారి. చుక్క నుంచి వచ్చే కాంతి రేణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి దాచుకుంటుంది, ఒక్కటీ జారనివ్వదు. దాన్ని చెయ్యడానికి హైమవతికి పదకొండేళ్ళు పట్టింది. ఆ పదకొండేళ్ళలో ఆవిడతో చదువుకున్న వాళ్ళంతా ప్రొఫెసర్లయి శాలువాలు కప్పించుకున్నారు. ఆవిడ పేరు మీద చెప్పుకోదగ్గ వ్యాసం ఒక్కటి రాలేదు. పైగా ఆ వేసవిలోనే డైరెక్టర్ పట్టాభి గారు ఉత్తరం రాశారు. డిసెంబరు లోగా గువ్వలగట్టు నుంచి ఏదైనా కొత్త సంగతి బయటికి రాకపోతే కొండ మూసేసి, అందరినీ నగరంలో ఉన్న ఆఫీసుకి పంపిస్తామని. అంటే హైమవతికి కుర్చీ, ఫైళ్ళు, వాటి మధ్య రిటైర్మెంటు. ఆవిడకి ఈ కొండ కావాలి, ఈ ముంత కావాలి, ఒక్కటంటే ఒక్కటి తను కనుక్కున్నది లోకానికి చూపించుకోవాలి. అందులో దాపరికం లేదు, ఆశ పడటం నేరమూ కాదు.

"ఓబులేసూ, నువ్వు రేపటి నుంచి సెలవు పెట్టు," అంది.

"ఇప్పుడెందుకు మేడం? నాకేం పని లేదే."

"పని లేకపోయినా పెట్టు. నాలుగు రోజులు. తర్వాత వచ్చి వారం చెయ్యి. తర్వాత ఎనిమిది రోజులు పెట్టు. తర్వాత పన్నెండు."

అడిగిన సెలవు ఇవ్వని అధికారుల్ని ఓబులేసు చాలామందిని చూశాడు. వద్దంటున్నా ఇచ్చే అధికారిని చూడటం అదే మొదలు. మొదటి నాలుగు రోజులు పండగలా గడిచాయి. ఎనిమిది రోజులయ్యేసరికి అత్తగారింట్లో ఎప్పుడు బయల్దేరుతున్నావని అడగడం మొదలుపెట్టారు. పన్నెండు రోజుల సెలవులో ఎనిమిదో రోజున అతని భార్య నాగరత్నమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని కొండెక్కి వచ్చింది.

"ఉద్యోగం ఊడిందా మేడం? ఊడింటే చెప్పండి, ఏదో ఒకటి చూసుకుంటాం," అంది.

"లేదు నాగరత్నం. పరిశోధన కోసమే సెలవిచ్చాను."

"అట్లయితే ఈయప్పని పనిలోకి పిలిపిచ్చుకోండి తల్లీ. పొద్దస్తమానం ఇంట్లో గోడకి భుజం పెట్టి తోస్తాండాడు."

ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోమని బతిమాలి పంపించింది హైమవతి. ఆ పన్నెండు రోజులయ్యాక గోపురం తెరిచి ముంత మూత తీస్తే, ముంత చూపించిన అంకెని ఆవిడ మూడుసార్లు సరిచూసుకుంది. చుక్క రెట్టింపు వెలుగుతో ఉంది. అది చూస్తూ ఉండగానే, ముంత రేణువులు ఏరుకుంటూ ఉండగానే, ఉయ్యాల్లోంచి దిగిన పసిపిల్లలా బిక్కమొహం వేసి నెమ్మదిగా మసకబారింది. మూత పెట్టేసి నాలుగు రోజులు ఊరుకుంటే కోలుకుంది. మళ్ళీ చూస్తే మళ్ళీ మసక. చుట్టుపక్కల చుక్కలు మాత్రం ముంతని లెక్కే చెయ్యలేదు, ఎన్నిసార్లు చూసినా ఒక్కలాగే ఉన్నాయి. ఈ ఒక్కదానికే ముంత చూపు సరిపడలేదు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఆ మాటే చెప్పింది. భర్త నరహరి కొండ కింద ఊళ్ళో హైస్కూల్లో లెక్కల మాస్టారు. చారు కలుపుకుంటూ, "నీ చుక్క ఎంత దూరం?" అని అడిగాడు.

"ఎనిమిది వందల కాంతి సంవత్సరాలు."

"అంటే ఇవాళ నువ్వు చూస్తున్న వెలుగు అక్కడ కాకతీయుల కాలంలో బయల్దేరింది. ఫలానా రోజున గువ్వలగట్టు మీద ఓబులేసు సెలవు పెడతాడని కాకతీయుల కాలంలో దానికి ఎలా తెలుసు?"

"అదే నాకూ అర్థం కావడం లేదండీ."

"అర్థం కాకపోవడానికి ఏవుంది?" అన్నారు తాయారమ్మ గారు. నరహరి తల్లి. ఎనభై ఏళ్ళు దాటాయి, గోదావరి యాస ఒక్క ముక్క పోలేదు. "పెళ్ళివారు ఇంకా రైలెక్కకముందే పిల్లకి సిగ్గు పుట్టదుటే? ఇదీ అంతే. నువ్వు చూస్తావని ముందే తెలిసి మొహం దాచుకుంది."

నరహరి నవ్వాడు. హైమవతి నవ్వలేదు. అంతకంటే మంచి కారణం ఆవిడ దగ్గర లేదు మరి.

అసలు కష్టం కార్తీకంలో వచ్చింది. ఆ నెలలో తాయారమ్మ గారు కొండ కింద క్వార్టర్స్ డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టారు. పెట్టిన గంటకే మబ్బు కమ్మింది. మర్నాడూ మబ్బే, ఆ మర్నాడూ మబ్బే. వడియాలు ఆరక, జిగురు పట్టి, ఈగలు ముసిరి అఘోరిస్తున్నాయి. ఆవిడ వాటి పక్కనే పీట వేసుకుని, విసనకర్ర పట్టుకుని, ఆకాశాన్ని తిడుతూ కూర్చున్నారు. హైమవతి బట్టలు తీయడానికి డాబా ఎక్కింది.

"ఏమే హైమా, చుక్కలన్నీ సూర్యుళ్ళేనని చెప్పావు కదూ?" అని అడిగారు.

"అవునత్తయ్యా."

"నీ చుక్కా సూర్యుడేనా?"

"సూర్యుడే. మన సూర్యుడికంటే బాగా చిన్నది."

"దాని చుట్టూ ఊళ్ళూ అవీ ఉంటాయా?"

"ఉండొచ్చు. మనకి తెలీదు."

తాయారమ్మ గారు విసనకర్ర ఆపారు. "మరి నువ్వా ముంత పెట్టి చూసినప్పుడల్లా అక్కడ మబ్బేసినట్టేనన్నమాట. ఎవత్తో ఒకత్తె నాలాగే వడియాలు పెట్టుకుని ఉంటుంది. పాపం, ఎవర్ని తిట్టాలో కూడా దానికి తెలీదు."

హైమవతి తీసిన బట్టలు భుజాన వేసుకుని, మెట్లు దిగబోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, తీసిన బట్టల్నే మళ్ళీ తీగ మీద ఆరేసింది. ఏం చేస్తున్నదీ తనకే తెలియలేదు.

నిజానికి ఆ వారమే ఆవిడ చెయ్యకూడని పని ఒకటి చేసింది. ముంత చూపు వల్లే ఇదంతా జరుగుతోందని రుజువు చెయ్యాలంటే ఇంకో ముంత కావాలి. మొదటిదానికి మిగిలిన విడిభాగాలతో రెండోది తయారుచేసి, పక్కనే ఉన్న చిన్న దూరదర్శినికి బిగించి, రెండింటితో ఒకేసారి చూసింది. చుక్క రెట్టింపు వేగంతో పడిపోయింది. రుజువైతే దొరికింది. కానీ ఆ తర్వాత పన్నెండు రోజులు మూతలు పెట్టి ఊరుకుని, ఒక్క క్షణం తీసి చూస్తే, చుక్క మునుపటి వెలుగులో మూడొంతులకి మాత్రమే వచ్చింది. ఆ పైన లేవలేదు.

హైమవతి కాగితం తీసుకుని లెక్క వేసింది. రెండు ముంతలకి ఇంత. పది ముంతలకి ఎంత? యాభై అయితే ఎంత? నరహరిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ వేయించింది. ఆయన లెక్కలో కూడా అంతే వచ్చింది. లోకంలో ఓ అరవై ముంతలు కలిసి ఒక్క ఏడాది చూస్తే నాలుగొందల పదిహేడోది ఆరిపోతుంది. మళ్ళీ వెలగదు.

"నువ్వు ఎవరికైనా చెప్పావా?" అని అడిగాడు నరహరి.

చెప్పింది. అదే గొడవ. ఆ కార్తీకానికి ముందే, సంతోషం పట్టలేక, పక్క చుక్కల లెక్కలు ఇంకా జతచెయ్యకుండానే వ్యాసం చిత్తుప్రతి పట్టాభి గారికి పంపేసింది. ఆయన ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "హైమవతి గారూ, మీరు మమ్మల్ని గట్టెక్కించారు. ముంతలు వంద చేయిద్దాం. దేశదేశాల దూరదర్శినులకి బిగించి దాని వైపు తిప్పిద్దాం. కొండ మూసే ప్రసక్తే లేదు," అన్నారు. డిసెంబరు పన్నెండున తనూ, ప్రొఫెసర్ గజపతి గారూ వచ్చి కళ్ళారా చూసి సంతకాలు పెడతామన్నారు.

పదకొండో తేదీ సాయంత్రం తాయారమ్మ గారు ఎవరికీ చెప్పకుండా ఆటో మాట్లాడుకుని కొండ పైకి వెళ్ళారు. చుక్క కోలుకోవడం లేదని కోడలు అన్నం సరిగా తినడం లేదు. చూపు తగిలి నలిగిపోతున్న దానికి దిష్టి తీయడం కంటే చెయ్యాల్సింది ఏముంటుందని ఆవిడ ఉద్దేశం. ఉప్పూ ఎండు మిరపకాయలూ గుప్పెట్లో పట్టుకుని దూరదర్శినికి మూడుసార్లు తిప్పి నిప్పుల్లో పోశారు. గోపురం తలుపులన్నీ మూయించి, ధూపం కుండలో సాంబ్రాణి దండిగా వేయించారు. వేసింది ఓబులేసు. పెద్దావిడ చెప్పాక కాదంటాడా. హైమవతి వచ్చేసరికి లోపల మనిషికి మనిషి కనిపించడం లేదు. దూరదర్శిని అద్దం మీద పొగ పొర పేరుకుంది.

"అత్తయ్యా, యాభై ఏళ్ళ అద్దం," అంది, ఏడుపు ఒక్కటే తక్కువ.

"అయితే దానికీ తీసినట్టయింది," అన్నారు తాయారమ్మ గారు.

మర్నాడు పట్టాభి గారు గోపురంలోకి అడుగు పెడుతూనే రెండుసార్లు తుమ్మారు. వెనకే గజపతి గారు. నూటికి నూరుపాళ్ళూ అనుమానపు మనిషి, ఎదుటివాడు గుడ్ మార్నింగ్ అంటే గడియారం చూసుకుని గానీ జవాబివ్వరు.

"ఏమిటీ వాసన?" అన్నారు పట్టాభి గారు.

హైమవతి ముంత పక్కన నిలబడి ఉంది. చేతిలో గ్రాఫు. ఆ ఒక్క గ్రాఫు వాళ్ళ చేతిలో పెడితే కొండ నిలుస్తుంది, ముంత నిలుస్తుంది, ఆవిడ పేరు నిలుస్తుంది. ఒక్క చుక్క పోతుంది. ఆ చుక్క కింద ఎవరైనా ఉన్నారో లేదో ఆవిడకి తెలీదు. తెలుసుకోవాలంటే చూడాలి. పదకొండేళ్ళ కష్టం గుర్తొచ్చింది. ఎంత ఏడుపొచ్చిందంటే, పొగ ఉండబట్టి సరిపోయింది.

"సాంబ్రాణి అండీ," అంది. "నా పరిశోధన తప్పు. నిన్ననే తెలిసింది. ఆ చుక్కలో ఏ మార్పూ లేదు. మసకబారింది పొగ వల్ల."

పట్టాభి గారు కుర్చీ కోసం వెతుక్కున్నారు. గజపతి గారు ముందుకొచ్చారు. "రోజూ పొగ వేస్తారా ఇక్కడ?"

ఓబులేసు మేడం మొహం వైపు చూశాడు. అతనికి లెక్కలు రావు గానీ మొహాలు చదవడం వచ్చు. "నేను డ్యూటీలో ఉన్న దినాలల్లా ఏస్తా సార్," అన్నాడు. "సెలవు పెట్టిన దినాలు ఏసేవాళ్ళు లేరు. పొగంతా పోయి, నేను తిరిగొచ్చిన దినం చుక్క బాగుంటాది. కావాలంటే హాజరు పట్టీ చూస్కోండి. మూడేళ్ళది ఉండాది."

గజపతి గారు నిజంగానే చూశారు. గ్రాఫు పక్కనే పట్టీ పరిచి, తేదీ తేదీ సరిపోల్చారు. అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఆయన మొహంలో తృప్తి కనిపించింది, కానీ వెంటనే మాయమైంది.

"పొగ అయితే పక్క చుక్కలు కూడా మసకబారాలి కదా హైమవతి గారూ. అవి చూడలేదా మీరు?"

చూసింది. ప్రతి రోజూ చూసింది. మూడేళ్ళలో ఒక్క రోజు కూడా పక్క చుక్కల్ని సరిచూడకుండా ఆవిడ గోపురం దిగలేదు. చుక్కలు చూసే పనిలో చేరినవాళ్ళకి మొదటి రోజు నేర్పే పాఠమే అది.

"చూడలేదండీ," అంది. "మర్చిపోయాను."

"మూడేళ్ళు మర్చిపోయారా?"

"మూడేళ్ళూ మర్చిపోయాను."

గజపతి గారు కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చాలాసేపు చూశారు. ఆ చూపు కింద నిలబడటం ఎంత కష్టమో హైమవతికి ఆ పూట బాగా తెలిసింది. తర్వాత ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు.

జరగాల్సినవన్నీ జరిగాయి. కొండ మూసేస్తున్నామని ఆర్డరు వచ్చింది. ముంతలు స్టోర్ రూముకి. హైమవతి ఆఫీసుకి. వేధశాలలో అనధికారికంగా పొగ వేసినందుకు ఓబులేసుకి మెమో ఇచ్చి ఆవిడ వెంటే బదిలీ చేశారు. మెమోలో తనని 'గోపుర నిర్వాహకుడు' అని రాశారని అతను దాన్ని మడతపడకుండా దాచుకున్నాడు. దేశంలో చుక్కలు చూసేవాళ్ళందరికీ కథ పాకిపోయింది. ఫోన్ చేసిన పాత స్నేహితులు ముందు పరామర్శించి, తర్వాత ఆపుకోలేక నవ్వారు. సాంబ్రాణి మేడం అనే పేరు స్థిరపడిపోయింది. చుక్కల జాబితాలో నాలుగొందల పదిహేడు ఎదురుగా ఆవిడే తన చేత్తో రాసింది, 'మార్పు లేదు. పరిశీలన అనవసరం' అని. ఆ ఒక్క వాక్యం చాలు, ఇంకెవరూ దాని జోలికి పోరు.

"బాధగా ఉందా?" అని అడిగాడు నరహరి ఒకరోజు.

"ఉందండీ. చాలా ఉంది," అంది.

ఆ వారమంతా వంట ఆయనే చేశాడు. తాయారమ్మ గారు కూడా వంక పెట్టకుండా తిన్నారు. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఫిబ్రవరి మొదట్లో సామాను సర్దడం పూర్తయింది. ముంతలు రెండూ గడ్డి పరిచిన చెక్కపెట్టెలో పెట్టి లారీ ఎక్కించడం ఒక్కటే మిగిలింది. పొద్దు గుంకింది. ఒకటీ అరా చుక్కలు పొడుస్తున్నాయి. గోపురంలో ఓబులేసూ హైమవతీ ఇద్దరే ఉన్నారు. మొదటి ముంత ఇంకా దూరదర్శినికే బిగించి ఉంది.

"అరవై దినాలయింది మేడం దాన్ని చూసి," అన్నాడు ఓబులేసు. "నేను లెక్కపెడతానే ఉండా."

"నేనూ."

"నాలుగు దినాలు చూడకుంటేనే అంత లేచింది. ఇప్పుడెట్లుందో ఏమో. రేపు లారీ వస్తే ఇంకెప్పటికీ తెల్దు." అతను గోపురం గోడకి భుజం ఆనించి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం చూసి మూసేద్దామా మేడం? ఎవురికీ చెప్పం."

చూడాలని హైమవతి ప్రాణం కొట్టుకుపోతోంది. కోలుకుందో లేదో. అసలు ఉందో, లేక అప్పుడే ఆరిపోయి, ఈ కొండా ఈ పేరూ ఊరికే పోయాయో. లోకంలో తెలుసుకోగలిగింది తనొక్కతే. ముంత మూత మీద చెయ్యి వేసింది. ఇత్తడి చల్లగా తగిలింది. ఒక్క నిమిషానికి ఎంత మసకబారుతుందో ఆవిడకి నోటికి వచ్చు.

"ఓబులేసూ, ఇప్పుడక్కడ ఎంతయి ఉంటుందంటావు?"

"యాడ మేడం?"

"చుక్క దగ్గర."

ఓబులేసు నవ్వలేదు. గోపురం సందులోంచి ఆకాశం వైపు చూశాడు.

"తెల్లారుతా ఉంటాదేమో మేడం," అన్నాడు.

"అయితే తెల్లారనీ," అంది హైమవతి.

మూత అలాగే ఉంచి మరలు ఒక్కొక్కటే విప్పి, ముంతని రెండు చేతులా పట్టుకుని పెట్టెలో పెట్టింది. ఓబులేసు పెట్టె రెండో కొస పట్టుకున్నాడు.